మేనరికపు వంశవృక్షం నుండి లాడ్ స్కోరు దాకా: కుటుంబాలలో వ్యాధి జన్యువు జాడ తీసే పద్ధతి

హైదరాబాదులోని పెద్ద ఆసుపత్రుల జన్యు విభాగాల ముందు వరుసలో కూర్చున్న కుటుంబాలను పలకరిస్తే, భార్యాభర్తలు మేనమామ, మేనకోడలు అయిన జంటలు గాని, మేనబావ, మేనమరదలు అయిన జంటలు గాని తప్పక కనిపిస్తాయి. ఇద్దరు పిల్లలకు పుట్టుకతోనే చూపు లేదు, లేదా వినికిడి లేదు. తల్లిదండ్రులకు మాత్రం ఏ లోపమూ ఉండదు. ఇటువంటి కుటుంబాల ఆధారంగా ఆ వ్యాధికి కారణమైన జన్యువు ఏ క్రోమోజోములో ఏ చోట ఉందో గణాంక పద్ధతుల ద్వారా ఎలా తెలుసుకోవాలో, ఈ పనిని కొత్తగా చేపట్టే విద్యార్థుల కోసం వివరిస్తున్నాను. సంభావ్యత, సంవర్గమానం అంటే ఏమిటో తెలిసి ఉంటే చాలు. వ్యాధి జన్యువు ఫలానా చోటికి దగ్గరగా ఉందనడానికి ఆధారం ఎంత బలమైనదో చెప్పే అంకె లాడ్ స్కోరు; కంప్యూటరు దానిని నిమిషాలలో లెక్కగట్టి ఇస్తుంది. కాని ఆ స్కోరును ఎంతవరకు నమ్మవచ్చునో అంతకు ముందు వారాల తరబడి వంశవృక్షం గీసిన తీరులోనే తేలిపోతుంది. అందుకే ముందుగా వంశవృక్షం గురించే చెబుతాను.

వరుస వేరు, రక్తసంబంధం వేరు

వంశవృక్షంలో మగవారికి చదరం, ఆడవారికి వృత్తం, వ్యాధి ఉన్నవారికి నలుపు నింపిన గుర్తు, రక్తసంబంధం ఉన్న దంపతుల మధ్య జంట గీత వేస్తారు. ఈ గుర్తులు నేర్చుకోవడానికి ఒక పూట చాలు. కష్టమంతా ఎవరికి ఎవరు ఏమవుతారో సరిగా రాబట్టడంలో ఉంది.

తెలుగులో బంధుత్వపు పిలుపులు వరుసను చెబుతాయే గాని రక్తసంబంధాన్ని చెప్పవు. మామ అంటే తల్లికి తోడబుట్టినవాడు కావచ్చు, మేనత్త భర్త కావచ్చు, పిల్లనిచ్చిన మామ కావచ్చు. పెదనాన్న అంటే తండ్రికి అన్న కావచ్చు, పెద్దమ్మ భర్త కావచ్చు; మొదటి వ్యక్తితో రక్తసంబంధం ఉంటుంది, రెండో వ్యక్తితో ఉండనక్కరలేదు. పెదనాన్న కొడుకూ అన్నే, పెద్దమ్మ కొడుకూ అన్నే, వరుస కలిసిన ఊరివాడూ అన్నే. నేను ఈ పనిలోకి వచ్చిన తొలి రోజులలో ఒక తండ్రి, "మా ఆవిడ మా మామ కూతురే" అని చెబితే, మేనరికమని జంట గీత గీసి, ఆ కుటుంబాన్ని లెక్కలో చేర్చాను. చాలా నెలల తరువాత మార్కర్ల, అంటే క్రోమోజోముల మీద చోటు తెలిసి, మనిషికీ మనిషికీ రూపం మారే గుర్తుల, వివరాలు వచ్చినప్పుడు ఆ దంపతుల మధ్య రక్తసంబంధమే కనబడలేదు. మళ్లీ వెళ్లి అడిగితే, ఆ మామ మేనత్త భర్త అనీ, మేనత్త పోయిన తరువాత ఆయన చేసుకున్న రెండో భార్యకు పుట్టిన అమ్మాయి ఈమె అనీ తేలింది. ఆ కుటుంబం నుండి నేను కలుపుకున్న స్కోరుకు ఆధారం లేకుండా పోయింది. తప్పు ఆయనది కాదు; ఆయన తన భాషలో సరిగానే చెప్పారు, నేను అడగవలసినది అడగలేదు.

అందువల్ల ప్రతి బంధుత్వాన్నీ పిలుపుతో వదిలేయకుండా కన్నవారి దాకా తీసుకువెళ్లాలి. "వారిద్దరూ ఒకే తల్లి కడుపున పుట్టినవారేనా? తండ్రి కూడా ఒకరేనా?" అని ప్రతి జతకూ అడగాలి. పిల్లలు లేని అక్కకో అన్నకో బిడ్డను దత్తత ఇవ్వడం మన కుటుంబాలలో ఉన్నదే కనుక, పెంచినవారిని కన్నవారిగా రాసుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఈ ప్రశ్నను పదిమందిలో కాకుండా, ఇంటి పెద్దావిడను ఒంటరిగా కూర్చోబెట్టుకొని మర్యాదగా అడగాలి. తల్లి తరఫు అమ్మమ్మను, తండ్రి తరఫు నాయనమ్మను విడివిడిగా అడిగి, రెండు చిత్రాలనూ పోల్చి చూడాలి. పసితనంలోనే పోయిన పిల్లలు, నిలవని కాన్పులు కూడా నమోదు కావాలి.

ఇంటిపేర్లు చూసి రక్తసంబంధాన్ని పసిగట్టవచ్చునని బయటి ప్రాంతాల నుండి వచ్చిన పరిశోధకులు కొన్నిసార్లు అనుకుంటారు. మన మేనరికంలో అది పనికిరాదు, ఎందుకంటే ఒకే ఇంటిపేరు వారు అన్నదమ్ముల వరుస అవుతారు కనుక పెళ్లి కుదరదు. మేనరికం ఎప్పుడూ రెండు ఇంటిపేర్ల మధ్యే జరుగుతుంది. పాతబస్తీలోని ముస్లిం కుటుంబాలలో అన్నదమ్ముల పిల్లల మధ్య కూడా పెళ్లిళ్లు జరుగుతాయి కనుక, అక్కడ అడగవలసిన ప్రశ్నల క్రమమే వేరు. ఇక కుండమార్పిడి పెళ్లిళ్లు, అంటే ఒక ఇంటి అన్నాచెల్లెళ్లకు మరో ఇంటి అన్నాచెల్లెళ్లను ఇచ్చి పుచ్చుకోవడం, ఎక్కడ జరిగినా ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోవాలి. ఆ రెండు జంటల పిల్లలు ఒకరినొకరు పెళ్లాడితే వారి బంధుత్వం రెండు వైపుల నుండీ లెక్కకు వస్తుంది.

ఈ లెక్కకు అంతఃప్రజనన గుణకం అని పేరు. బిడ్డలో ఒక చోట ఉన్న రెండు జన్యు ప్రతులూ ఒకే పూర్వీకుని ఒకే ప్రతి నుండి, తల్లి ద్వారా ఒకటి, తండ్రి ద్వారా ఒకటిగా దిగివచ్చే సంభావ్యత ఇది. మేనబావ, మేనమరదలు పెళ్లాడితే పుట్టే బిడ్డకు ఇది 1/16. మేనమామ, మేనకోడలి బిడ్డకు 1/8. కుండమార్పిడి జంటల పిల్లలు పెళ్లాడితే వారి బిడ్డకు కూడా 1/8. తల్లిదండ్రుల తల్లిదండ్రులు కూడా మేనరికమే అయితే విలువ ఇంకా పెరుగుతుంది. జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడిన తరువాత, పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడై ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లను అధ్యయనం చేశారు. మన వంశవృక్షాలు జన్యుశాస్త్రానికి ఎంత విలువైనవో అప్పటికే గుర్తించినవారు ఉన్నారని చెప్పడానికే ఈ ప్రస్తావన.

లాడ్ స్కోరు అంటే ఏమిటి

ఒకే క్రోమోజోము మీద దగ్గరగా ఉన్న రెండు చోట్లు తల్లి నుండో తండ్రి నుండో బిడ్డకు సాధారణంగా కలిసే వస్తాయి. వాటి మధ్య దూరం పెరిగే కొద్దీ, బీజకణాలు ఏర్పడేటప్పుడు జత క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం వల్ల, అవి విడిపోయే అవకాశం పెరుగుతుంది. విడిపోయే పాలును పునఃసంయోజన నిష్పత్తి అంటారు, థీటా అనే గుర్తుతో చూపుతారు. అది 0 అయితే రెండు చోట్లు ఎప్పుడూ విడిపోవని అర్థం, 0.5 అయితే వాటి మధ్య ఏ సహలగ్నతా, అంటే కలిసి దిగివచ్చే గుణమూ, లేదని, బొమ్మా బొరుసూ వేసినట్టు విడివిడిగా వస్తున్నాయని అర్థం. మనుషులలో సహలగ్నతను మొదటిసారి ఈ విధంగా అంచనా వేసినవారు జూలియా బెల్, హాల్డేన్. 1937లో వారు రక్తం గడ్డకట్టని హీమోఫిలియా, రంగులు గుర్తించలేని లోపం రెండూ కలిసి దిగివచ్చిన కుటుంబాలను తీసుకున్నారు.

వ్యాధి జన్యువు ఎక్కడుందో మనకు తెలియదు, మార్కరు ఎక్కడుందో తెలుసు. థీటా ఫలానా విలువ అయితే ఈ కుటుంబంలో చూసిన పంపిణీ ఏర్పడే సంభావ్యతను, థీటా 0.5 అయినప్పటి సంభావ్యతతో భాగించి, 10 ఆధారంగా సంవర్గమానం తీస్తే వచ్చేదే లాడ్ స్కోరు. 1955లో న్యూటన్ మోర్టన్ ఈ పద్ధతిని ఇప్పుడు మనం వాడే రూపంలో ప్రతిపాదించారు.

చేత్తో ఒకసారి లెక్క వేస్తే ఇది బోధపడుతుంది. బహిర్గత వ్యాధి, అంటే జన్యువు ఒక్క ప్రతి చెడినా వచ్చే వ్యాధి, ఉన్న ఒక తండ్రికి 10 మంది పిల్లలనీ, ఆయన తండ్రి నుండి వ్యాధితో పాటు మార్కరు యొక్క ఏ రూపం వచ్చిందో మనకు తెలుసుననీ అనుకుందాం. పదిమందిలోనూ వ్యాధి, మార్కరు విడిపోకుండా వస్తే, థీటా 0 దగ్గర సంభావ్యతల నిష్పత్తి 2ను పదిసార్లు హెచ్చించినంత, అంటే 1024; లాడ్ 3.01. తాతగారి వివరాలు లేక, వ్యాధి ఏ రూపంతో కలిసి ఉందో తెలియకపోతే రెండు అవకాశాలకూ సగం సగం ఇవ్వాలి, లాడ్ 2.71కి తగ్గుతుంది. ఒక వృద్ధుని రక్తనమూనా విలువ 0.3 అన్నమాట, అందుకే తాతలు, అవ్వలు బతికి ఉన్నప్పుడే నమూనాలు తీసుకోవాలి. ఇక పదిమందిలో ఒక్కరిలో విడిపోతే, అత్యధిక స్కోరు థీటా 0.1 దగ్గర 1.60 మాత్రమే వస్తుంది. థీటా 0 దగ్గర అది ఋణ అనంతం. ఒక్క వ్యక్తి విషయంలో రోగనిర్ధారణ తప్పితే ఎంత నష్టమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

లాడ్ 3ను గడపగా ఎందుకు పెట్టారన్నది విద్యార్థులు తరచుగా అడుగుతారు. లాడ్ 3 అంటే వెయ్యికి ఒకటి నిష్పత్తి, కనుక తప్పు జరిగే అవకాశం వెయ్యిలో ఒకటే అనుకోవడం పొరపాటు. మన క్రోమోజోములన్నింటిలో యాదృచ్ఛికంగా ఎంచుకున్న రెండు చోట్లు సహలగ్నమై ఉండే అవకాశం మొదటే సుమారు 50లో ఒకటి. ఆ 1/50ని వెయ్యితో హెచ్చిస్తే అనుకూలత 20కి 1 అవుతుంది, అంటే సుమారు 95 శాతం నమ్మకం. అదీ గడప యొక్క అసలు అర్థం. మొత్తం జన్యురాశిని వేలాది మార్కర్లతో గాలించే ఇప్పటి పద్ధతికి 3.3 ఉండాలని 1995లో లాండర్, క్రుగ్ల్యాక్ సూచించారు. స్కోరు −2 కంటే తగ్గితే ఆ చోటును పక్కన పెట్టవచ్చు. వేర్వేరు కుటుంబాల స్కోర్లను ఒకే థీటా దగ్గర కూడుకోవచ్చు. చిన్న కుటుంబాలతో పనిచేసే మనకు ఇది పెద్ద ఊరట.

థీటాను దూరంగా మార్చడానికి ఒక సూత్రం కావాలి, ఎందుకంటే రెండుసార్లు ముక్కలు మారితే మార్పు కంటికి కనబడదు. హాల్డేన్ 1919లో ఒక సూత్రం ఇచ్చారు. ఒక చోట జరిగిన మార్పిడి పక్కనే మరొకటి జరగకుండా కొంత అడ్డుకుంటుందన్న సంగతిని లెక్కలోకి తీసుకొని దామోదర్ ధర్మానంద్ కోశాంబి 1944లో మరొకటి ఇచ్చారు. థీటా 0.20 అయితే హాల్డేన్ ప్రకారం దూరం 25.5 సెంటీమోర్గన్లు (సగటున నూరు బీజకణాలలో ఒక మార్పిడి జరిగేంత దూరం ఒక సెంటీమోర్గన్), కోశాంబి ప్రకారం 21.2. చరిత్రకారునిగా అందరికీ తెలిసిన కోశాంబి పేరు ఈనాటికీ సహలగ్నత ప్రోగ్రాములలో ఒక ఎంపికగా కనిపిస్తుంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్. రావు కూడా కేంబ్రిడ్జిలో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ దగ్గర ఉన్నప్పుడు ఎలుకల క్రోమోజోముల మీద జన్యువుల స్థానాలను గుర్తించే పనే చేశారు. మార్కర్ల మధ్య దూరాలు చూపే మ్యాపు ఏ సూత్రంతో తయారైందో, ప్రోగ్రాములోనూ అదే ఎంచుకోవాలి.

మేనరికం ఇచ్చే బలం

అంతర్గత వ్యాధులకు, అంటే జన్యువు రెండు ప్రతులూ చెడితేనే వచ్చేవాటికి, మన కుటుంబాలలో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చే పద్ధతిని లాండర్, బాట్‌స్టీన్ 1987లో వివరించారు. దగ్గరి బంధువులకు పుట్టిన బిడ్డకు అరుదైన అంతర్గత వ్యాధి వచ్చిందంటే, ఆ జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని నుండి వచ్చి ఉండే అవకాశమే ఎక్కువ. అలా వచ్చినప్పుడు చుట్టుపక్కల పొడవైన ముక్క అంతా సమయుగ్మజంగా, అంటే రెండు వైపులా ఒకేలా ఉంటుంది. వ్యాధి ఉన్న పిల్లలందరిలోనూ సమయుగ్మజంగా ఉన్న ముక్క ఎక్కడుందో వెతకడమే పద్ధతి.

ఇందులో ఒక్కో బిడ్డ ఇచ్చే లాడ్ సుమారుగా అంతఃప్రజనన గుణకాన్ని తిరగేసి తీసిన సంవర్గమానం. మేనబావ, మేనమరదలి బిడ్డ ఒక్కరు 16 యొక్క సంవర్గమానం, అంటే 1.20 ఇస్తారు. మేనమామ, మేనకోడలి బిడ్డ 8 యొక్క సంవర్గమానం, అంటే 0.90 మాత్రమే ఇస్తారు. సంబంధం మరీ దగ్గరైతే సమాచారం ఎక్కువ వస్తుందని మొదట్లో అందరూ అనుకుంటారు, కాని లెక్క ఎదురుగా ఉంటుంది, ఎందుకంటే అంత దగ్గరి సంబంధంలో వ్యాధితో పని లేకుండానే 12.5 శాతం జన్యురాశి సమయుగ్మజమై ఉంటుంది. ఆటోసోముల, అంటే లింగ క్రోమోజోములు కాని వాటి, మొత్తం పొడవు సుమారు 3500 సెంటీమోర్గన్లు కనుక, అటువంటి బిడ్డలో దాదాపు 440 సెంటీమోర్గన్ల మేర వ్యాధికి సంబంధం లేని ముక్కలు అడ్డు వస్తాయి. అందులోంచి అసలు ముక్కను వేరు చేయడానికి రెండో బిడ్డ, రెండో కుటుంబం కావాలి.

అదే తల్లిదండ్రులకు పుట్టిన, వ్యాధి ఉన్న రెండో బిడ్డ సుమారు 4 యొక్క సంవర్గమానం, అంటే 0.60 చేరుస్తారు, వ్యాధి లేని ఒక్కో తోబుట్టువు 0.125 చేరుస్తారు. మేనబావ, మేనమరదలి ఇంట్లో వ్యాధి ఉన్నవారు ఇద్దరు, లేనివారు ఇద్దరు ఉంటే మొత్తం 1.20, 0.60, 0.25 కలిసి 2.05 అవుతుంది. అటువంటి కుటుంబాలు రెండు ఒకే చోటిని చూపిస్తే 4 దాటుతుంది. ఈ కూడిక రక్తనమూనాలు తీసే ముందే చేయాలి, ఎందుకంటే అన్నీ కలిసివచ్చినా 3 దాటని వంశవృక్షం మీద డబ్బు, కుటుంబం సమయం వెచ్చించడం న్యాయం కాదు. వ్యాధి లేని పిల్లల సూదిపోటుకు కూడా ఇదే కొలమానం: 0.125 కోసం పసిబిడ్డకు సూది గుచ్చడం అవసరమా అన్నది ప్రతిసారీ ఆలోచించుకోవాలి.

ముక్క పొడవును కూడా ముందే అంచనా వేసుకోవాలి. మేనబావ, మేనమరదలి విషయంలో పూర్వీకుని నుండి బిడ్డ దాకా రెండు దారులలో కలిపి 6 బీజకణ విభజనలు ఉంటాయి, అందువల్ల వ్యాధి జన్యువుకు ఒక్కో వైపు సగటున 100లో ఆరో వంతు, రెండు వైపులా కలిపి సుమారు 33 సెంటీమోర్గన్లు సమయుగ్మజంగా మిగులుతాయి. మేనమామ విషయంలో విభజనలు 5, సగటు ముక్క 40. అటువంటి బిడ్డలో అసలు ముక్క 5 సెంటీమోర్గన్ల కంటే పొట్టిగా ఉండే అవకాశం నూటికి మూడు కంటే తక్కువ. కాబట్టి మొదటి వెతుకులాటలో పొడవైన ముక్కల మీదే దృష్టి పెట్టడం సమంజసమే, అయితే పొట్టి ముక్కలను పూర్తిగా చెరిపివేయకుండా విడిగా రాసి పెట్టుకోవాలి.

ఈ పద్ధతి నిలబడేది వ్యాధి జన్యువు అరుదైనదైతేనే. జన్యువు పౌనఃపున్యం, అంటే జనాభాలోని ప్రతులన్నింటిలో చెడిన ప్రతుల పాలు, 0.001 అయితే, మేనబావ, మేనమరదలి బిడ్డకు వచ్చిన వ్యాధి ఒకే పూర్వీకుని నుండి రెండుగా వచ్చినదై ఉండే అవకాశం 98 శాతం పైన, 0.01 అయితే 87 శాతం, 0.05 అయితే 57 శాతమే. తలసీమియా వంటి వ్యాధిలో మేనరికపు బిడ్డకు కూడా రెండు వేర్వేరు మార్పులు రెండు వైపుల నుండి రావచ్చు. అప్పుడు సమయుగ్మజ ముక్క కోసం వెతికితే దొరకదు.

మరో జాగ్రత్త మన ప్రాంతానికే ప్రత్యేకమైనది. తరతరాలుగా మేనరికం చేసుకున్న ఇంట్లో మనం మూడు తరాలు మాత్రమే గీసి, గుణకం 1/8 అని రాసుకుంటే, నిజానికి అది 1/6 దాకా ఉండవచ్చు. అప్పుడు ఆ బిడ్డ ఇచ్చేది 0.90 కాదు, 0.78. పాత ముడులు వదిలేసిన ప్రతిసారీ స్కోరు ఉబ్బుతుంది. 2009లోను, 2017లోను వెలువడిన, హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న పరిశోధనలు, భారతదేశంలోని అనేక సమాజాలు కొద్దిమంది పూర్వీకుల నుండి విస్తరించి తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయని చూపాయి. అందువల్ల మేనరికం కాదని చెప్పిన దంపతుల పిల్లలలో కూడా కొన్ని సమయుగ్మజ ముక్కలు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. మార్కర్ల పౌనఃపున్యాలను కూడా వేరే ఖండపు జనాభా నుండి అరువు తెచ్చుకోకుండా, అదే సమాజంలో వ్యాధి లేని, పరస్పరం బంధువులు కాని వారి నుండి లెక్కించాలి. ఇక్కడ సాధారణమైన మార్కరు రూపాన్ని అరుదైనదిగా ప్రోగ్రాముకు చెబితే, యాదృచ్ఛికంగా కలిసిన సమయుగ్మజతను అది వంశపారంపర్యంగా లెక్కగడుతుంది.

మోడలును ముందే రాసి పెట్టడం

లాడ్ స్కోరుకు నాలుగు సంగతులు ముందుగా చెప్పాలి: వ్యాధి అంతర్గతమా, బహిర్గతమా, వ్యాధి జన్యువు ఎంత సాధారణం, జన్యువు ఉన్నవారిలో ఎంతమందికి వ్యాధి బయటపడుతుంది, జన్యువు లేకుండానే అదే రూపంలో వ్యాధి వచ్చే అవకాశం ఎంత. వీటిని మార్కర్ల ఫలితాలు చూడకముందే కాగితం మీద రాసి, తేదీ వేసి పెట్టాలి. చూసిన తరువాత ఒక్కొక్కటి మార్చుకుంటూ పోతే ఏదో ఒక చోట 3 దాటుతుంది, అది ఎందుకూ పనికిరాదు. నిజంగానే రెండు మోడళ్లు పరీక్షించవలసి వస్తే గడపను 2 యొక్క సంవర్గమానం, అంటే 0.3 పెంచాలి, అయిదు పరీక్షిస్తే 0.7.

వయసుతో బయటపడే బహిర్గత వ్యాధులలో, ఇరవై ఏళ్ల వయసులో ఆరోగ్యంగా ఉన్న వ్యక్తిని వ్యాధి లేనివారిగా రాస్తే పెద్ద తప్పు అవుతుంది. వయసును బట్టి వ్యాధి బయటపడే పాలును వర్గాలుగా ఇవ్వాలి. మెదడును క్షీణింపజేసే హంటింగ్టన్ వ్యాధి జన్యువు నాలుగో క్రోమోజోములో ఉందని 1983లో తెలిసింది. వెనిజులాలోని మారకైబో సరస్సు ఒడ్డున ఉన్న అతిపెద్ద కుటుంబం అందుకు తోడ్పడింది. జన్యువు మాత్రం 1993లో గాని చేతికి రాలేదు. రొమ్ము క్యాన్సర్ విషయంలో 1990లో మేరీ క్లెయిర్ కింగ్ బృందం, చిన్న వయసులోనే వ్యాధి వచ్చిన కుటుంబాలను ముందు వరుసలో పెట్టి చూసినప్పుడు పదిహేడో క్రోమోజోము మీద స్కోరు స్పష్టమైంది. పెద్ద వయసులో వచ్చిన కుటుంబాలు చేరిన కొద్దీ అది తగ్గింది. అన్ని కుటుంబాలనూ కలగలిపి చూసి ఉంటే ఆ సంకేతం మరుగున పడి ఉండేది.

ఒకే వ్యాధికి వేర్వేరు కుటుంబాలలో వేర్వేరు జన్యువులు కారణం కావడం చెవుడులో అతి సాధారణం. పుట్టుకతో వినికిడి లేని ఇద్దరు పెళ్లి చేసుకుంటే పిల్లలందరికీ చక్కగా వినబడడం మనం చూస్తూనే ఉంటాం. ఆ ఇద్దరి లోపం ఒకే జన్యువులో లేదని దానర్థం. ఇటువంటి వ్యాధిలో కుటుంబాల స్కోర్లను కళ్లు మూసుకొని కూడితే, సహలగ్నత ఉన్న కుటుంబపు ధనాన్ని లేని కుటుంబపు ఋణం మింగివేస్తుంది. సహలగ్నత ఉన్న కుటుంబాల పాలును కూడా ఒక తెలియని రాశిగా పెట్టి అంచనా వేసే లాడ్ రూపాన్ని వాడాలి. పుట్టుకతో వచ్చే నీటికాసుల వ్యాధికి రెండో క్రోమోజోము మీద ఒక చోటును 1995లో గుర్తించినప్పుడే, కొన్ని కుటుంబాలు ఆ చోటికి అతకలేదని తేలింది. అక్కడి జన్యువు సివైపి1బి1 అని 1997లో బయటపడింది, ఆ తరువాత బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ పరిశోధకులు మన రోగులలో దాని మార్పులను వివరించారు.

ఫైళ్లు, ప్రోగ్రాములు

వంశవృక్షపు ఫైలులో ఒక్కో వ్యక్తికి ఒక వరుస: కుటుంబం సంఖ్య, వ్యక్తి సంఖ్య, తండ్రి, తల్లి, లింగం, వ్యాధి స్థితి. తెలియని తల్లిదండ్రులకు 0; వ్యాధి లేనివారికి 1, ఉన్నవారికి 2, నిర్ధారణ కానివారికి 0. అనుమానం ఉన్నవారిని 0 గానే ఉంచాలి, మొహమాటానికి 1 వేయకూడదు. రోగనిర్ధారణ చేసే వైద్యులకు మార్కర్ల ఫలితాలు తెలియకూడదు.

మొదట లాడ్ లెక్క జోలికి పోకుండా శుభ్రం చేసుకోవాలి. ప్లింక్ అనే ప్రోగ్రాము తల్లిదండ్రులకు, పిల్లలకు పొంతన కుదరని మార్కర్లను చూపుతుంది, ఇద్దరు వ్యక్తులు జన్యురాశిలో ఎంత పాలు పంచుకుంటున్నారో అంచనా వేస్తుంది. నేను చెప్పిన మేనత్త భర్త సంగతి బయటపడింది ఇక్కడే. కన్నతండ్రి వేరని కూడా ఇక్కడే తెలుస్తుంది. ఆ సంగతి కుటుంబంలో ఎవరికీ ఎట్టి పరిస్థితులలోనూ చెప్పకూడదు, దానిని ఎలా దాచాలో సమ్మతి పత్రంలోనే ముందు నిర్ణయించుకొని ఉండాలి.

తరువాత ప్రోగ్రాము ఎంపిక. 1971 నాటి ఎల్‌స్టన్, స్టూవర్ట్ పద్ధతి మీద నడిచేవి పెద్ద వంశవృక్షాలను, కొద్ది మార్కర్లను బాగా మోస్తాయి, కాని మేనరికపు ముడి ఉన్న ప్రతిచోటా ఒక వ్యక్తిని రెండుగా రాసి ముడి తెంపవలసి ఉంటుంది. 1987 నాటి లాండర్, గ్రీన్ పద్ధతి మీద నడిచే మెర్లిన్ వంటివి వేలాది మార్కర్లను ఒకేసారి చూస్తాయి, ముడులను నేరుగా తీసుకుంటాయి, కాని కుటుంబం పెద్దదైతే మొరాయిస్తాయి. తల్లిదండ్రులు వంశవృక్షంలో ఉన్నవారి సంఖ్యను రెట్టింపు చేసి, తల్లిదండ్రులు చూపనివారి సంఖ్యను తీసివేస్తే వచ్చే అంకె ఇరవై దాటిందంటే కష్టం మొదలైనట్టే. అప్పుడు దూరపు కొమ్మలను కత్తిరించాలి, మేనరికపు ముడిని మాత్రం కత్తిరించకూడదు. మార్కర్లు మరీ దగ్గరదగ్గరగా ఉండి, పైతరం నమూనాలు లేకపోతే స్కోరు అబద్ధంగా పెరుగుతుంది కనుక, పరస్పరం ముడిపడి ఉన్న మార్కర్లను పలచన చేసి వాడాలి.

మోడలు చెప్పలేని వ్యాధులకు

మధుమేహం, రక్తపోటు వంటి వాటికి పై నాలుగు సంగతులూ ఎవరూ చెప్పలేరు. అక్కడ వ్యాధి ఉన్న తోబుట్టువుల జంటలను తీసుకొని, ఒక చోట వారు తల్లిదండ్రుల నుండి ఎన్ని ప్రతులు ఉమ్మడిగా పొందారో లెక్కిస్తారు. ఏ సంబంధమూ లేకపోతే సగటున రెండింటిలో ఒకటి. 40 జంటలలో 80 ప్రతులకు 40 ఆశిస్తాం. 54 కనిపిస్తే ప్రామాణిక విచలనం 4.47 కనుక తేడా దానికి 3.13 రెట్లు, లాడ్‌గా మారిస్తే సుమారు 2.1. తల్లిదండ్రులు మేనరికమైతే ఆశించే విలువలే మారిపోతాయి కనుక ఈ సరళమైన రూపాన్ని మన కుటుంబాలకు నేరుగా వాడకూడదు.

మరొకటి 1993లో స్పీల్‌మన్, మెక్‌గినిస్, ఎవెన్స్ ఇచ్చిన పరీక్ష. విషమయుగ్మజ, అంటే రెండు వేర్వేరు రూపాలు ఉన్న, తల్లి లేదా తండ్రి ఒక రూపాన్ని వ్యాధి ఉన్న బిడ్డకు ఎన్నిసార్లు ఇచ్చారు, ఎన్నిసార్లు ఇవ్వలేదు అని చూసి, తేడా వర్గాన్ని మొత్తంతో భాగిస్తారు. 62కు 38 అయితే 24 వర్గాన్ని 100తో భాగించగా 5.76. వేర్వేరు సమాజాలు పక్కపక్కనే నివసిస్తూ పెళ్లిళ్లు మాత్రం విడివిడిగా చేసుకునే హైదరాబాదు వంటి నగరంలో రోగులను, ఆరోగ్యవంతులను నేరుగా పోలిస్తే సమాజాల మధ్య తేడానే వ్యాధి తేడాగా కనబడుతుంది. బిడ్డను సొంత తల్లిదండ్రులతోనే పోల్చే ఈ పరీక్షకు ఆ దోషం అంటదు.

స్కోరు వచ్చిన తరువాత

శిఖరం 3.3 దాటిన చోట, దాని ఎల్లలను నిర్ణయించేది సాధారణంగా ఒకరిద్దరు వ్యక్తులే. ఎవరిలో ముక్క తెగిందో వారే. ఎల్ల వేసే ముందు ఆ ఒకరిద్దరిని మళ్లీ పిలిపించి, వైద్యుల చేత మళ్లీ పరీక్ష చేయించి, కొత్త నమూనాతో మార్కర్లను మళ్లీ చూడాలి. వ్యాధి లేదన్న వ్యక్తిలో తెగిన ముక్క ఆధారంగా ఎల్లను కుదించడం మరీ ప్రమాదకరం, కనుక వీలైనంత వరకు వ్యాధి ఉన్నవారినే నమ్మాలి. ఆ తరువాతే ఆ పరిధిలోని జన్యువులన్నింటినీ సీక్వెన్స్ చేయించాలి. ఇప్పుడు ఎక్సోమ్ సీక్వెన్సింగ్, అంటే జన్యువులలో ప్రొటీన్లకు సంబంధించిన భాగాలన్నింటినీ చదవడం, అందుబాటులో ఉంది కదా, లాడ్ ఎందుకని కొందరు అంటారు. సీక్వెన్సింగులో ప్రతి మనిషిలోనూ వేలాది తేడాలు కనబడతాయి. వాటిలో ఏది ఈ కుటుంబంలో వ్యాధితో పాటు దిగివచ్చిందో చెప్పేది ఈ లెక్కే. దొరికిన మార్పు వ్యాధి ఉన్నవారందరిలో రెండు ప్రతులుగా, తల్లిదండ్రులలో ఒక్కొక్క ప్రతిగా, అదే సమాజంలోని ఆరోగ్యవంతులలో రెండు ప్రతులుగా ఎక్కడా లేకుండా ఉందో లేదో చూడాలి.

ఈ దశలో కుటుంబం తప్పకుండా అడుగుతుంది: "మా చిన్నమ్మాయికి సంబంధం చూస్తున్నాం, తనలో ఆ జబ్బు ఉందా, చెప్పండి." లాడ్ స్కోరు ఒక ప్రాంతాన్ని చూపుతుంది, ఒక అమ్మాయిని గురించి ఏమీ చెప్పదు. జన్యుమార్పు నిర్ధారణ కాక ముందు ఎవరి గురించీ జవాబు ఇవ్వకూడదు. నిర్ధారణ అయిన తరువాత కూడా, పరిశోధనశాలలో చూసిన ఫలితాన్ని గుర్తింపు ఉన్న వైద్య పరీక్షాకేంద్రంలో కొత్త నమూనాతో సరిచూసి, జన్యు సలహాదారు సమక్షంలో, ఆ అమ్మాయికే, తాను తెలుసుకోవాలనుకుంటేనే చెప్పాలి.